కింద నుంచి చూసిన కొబ్బరి

ఫిబ్రవరి 2, ఆదివారం
మా తెలుగు సంఘం వాళ్ళ వ్యవసాయం క్లాసు ఈసారీ మా తోపులోనే. పీలమేడు నుంచి బస్సులో తొమ్మిది మంది కాలేజీ పిల్లలు. చెట్టును చూసి వయసు చెప్పడం, గెలను చూసి ముదురు లేత చెప్పడం — గంటన్నర వాయించాను. చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు లోకువ మరి. ఒక్కరూ ఫోను తీయలేదు. సంతోషంగా ఉంది... చాలా.

ఫిబ్రవరి 9, ఆదివారం
చెట్టెక్కే మిషను వచ్చింది. నేర్పడానికి మురుగేశన్ — ఇరవై ఏళ్ళు మా చెట్లెక్కినవాడు, ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు. కాయ దింపడానికి మనుషులు దొరకడం లేదు, పిల్లలే నేర్చుకోవాలని పట్టుబట్టింది నేనే. మగపిల్లలు నాలుగడుగులకే దిగారు. ఆడపిల్లల్లో నందిని అనే అమ్మాయి చివరిదాకా పోయింది.
పై నుంచి అంటుంది — "అత్తా, మొవ్వులో బొక్క ఉండాది. పీచు నమిలి ఉమిసినట్టు ఉండాది."
కొమ్ము పురుగు! లేత ఆకు పుట్టే మొవ్వునే తొలిచి తినేస్తుంది. మా మామగారు నాటిన చెట్టు. పోయిన వారమే దాన్ని చూపించి తోపుకంతా ఆరోగ్యమైన చెట్టు ఇదే అన్నాను. తల తీసేసినట్టయింది. నందినే కొక్కెంతో పురుగును లాగి, వేపపిండీ ఇసుకా కలిపి మొవ్వు చుట్టూ పోసి దిగింది. నా పోయిన వారం మాట గుర్తుచేసి పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 12
నాలుగు తరాల తోపు. మా ఇంట్లో ఒక్కరూ ఒక్క చెట్టూ ఎక్కలేదు. గొడుగు కింద నిలబడి అది దింపు, ఇది వదిలెయ్ అంటాం. అంతే.

ఫిబ్రవరి 14
నందిని వాళ్ళమ్మ లత ఫోను. చెట్టు మీద ఉన్న కూతురి ఫోటో ఎవరో చూపించారట. ఇక క్లాసుకు పంపదట. పెళ్ళి కావలసిన పిల్ల, పడితే ఎవరు జవాబు... బెల్టు ఉంది, మురుగేశన్ ఉన్నాడు అని నచ్చచెప్పాను. అంతా విని —
"మీరు ఎక్కినారా, వదినా?"
పాలు పొంగుతున్నాయని ఫోను పెట్టేశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం
ఎనిమిది మందే.

ఫిబ్రవరి 18
లత ఇంటికి వెళ్ళాను. మంచి కాఫీ ఇచ్చింది. కోపం లేదు, భయమే. మీరెక్కి చూపించండి, అప్పుడు ఆలోచిస్తానంది. సరే అనేశాను. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఈ నోటికి బుద్ధి రాలేదు.

ఫిబ్రవరి 20
మురుగేశన్ దగ్గర పాఠం. రెండడుగులు. చెట్టును రెండు చేతులా వాటేసుకున్నాను. ఆయన నవ్వలేదు, చెట్టును కావలించుకోవద్దని మాత్రం అన్నాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగనిది అడిగాను — పై నుంచి ఏం కనిపించేదని. మీ గొడుగు అమ్మా, అన్నాడు.

ఫిబ్రవరి 23, ఆదివారం
చూడడానికి లత కూతురితో కలిసి బస్సులో వచ్చింది. ఎక్కాను. సగం దాకా. అక్కడ ఇరుక్కుపోయాను — పైకీ లేదు, కిందికీ లేదు. సిగ్గు, భయం, నవ్వు అన్నీ ఒకేసారి. కింద నుంచి నందిని, ఏ మాత్రం తొందర లేకుండా: "ఎడమ కాలు, అత్తా. ఇప్పుడు కుడిది. నేనుండాను." అడుగడుగూ చెప్పి దింపింది. లత కూతుర్నే చూస్తోంది, నన్ను కాదు.
చేతులు దోక్కుపోయాయి. అన్నం కలపలేక చెంచాతో తిన్నాను. హాయిగానే ఉంది.
లత పంపుతాననీ అనలేదు, పంపననీ అనలేదు. బస్సెక్కాక కిటికీలోంచి తల బయట పెట్టి అడిగింది —
"ఆ బెల్టు నాకు పట్టునా, వదినా?"
నేను నోరు తెరిచేలోగా బస్సు కదిలింది.