కోటేష్‌కు, పెట్టుడు కాలి గురించి

బూర్గంపాడు

చిరంజీవి కోటేష్‌కు,

నాయనమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. మీ నాన్న దగ్గు తగ్గింది, మిరప ఏరడం అయిపోయింది. పుణె మిలిటరీ ఆసుపత్రిలో నీ ఆరోగ్యం సంగతే తెలియలేదు. తెగిన కాలి మొండికి అయిన పుండు మానిందో లేదో నువ్వు రాయలేదు. ఫోనులో "ఆ, ఆ" అని పెట్టేస్తావనే ఉత్తరాలు రాయమన్నాను. ఉత్తరంలోనూ దాటేస్తే ఎట్లా?

నువ్వు మొదట అడిగినదానికి జవాబు. మిలిటరీ వాళ్లిచ్చిన కాలితో నువ్వు మొదటిసారి ఇంటికి వచ్చినప్పుడు మంగ్లి పిన్ని చెంబుతో ఎదురొచ్చి, నీ పాదాలు చూసి, నీళ్లివ్వకుండానే లోపలికి వెళ్లిపోయింది. "చుట్టానికైనా కాళ్లకు నీళ్లిస్తారు, నాకెందుకు ఇవ్వలేదు?" అని రాశావు. అది అసహ్యం కాదురా. ఆమెనే అడిగాను. "నీళ్లు పోస్తే గా కాలు ఖరాబైతదేమో అని భయమైంది అత్తా. పొయ్యకపోతే వాడు బాధపడతడని అప్పుడు తోచలే" అన్నది. నీ ఉత్తరం చదివాక ఆమె అన్నం కూడా సరిగా తినలేదు.

ఆ కాలు తడవవచ్చో లేదో నాకూ తెలియదు. తెలియని సంగతిని అట్లాగే వదిలేయడం నాకు చేతకాదు. దుమ్ముగూడెంలో మంగ్లి పెదనాన్న దస్రు ఉన్నాడు కదా, వెదురుకు వెళ్లి పాముకాటుతో కాలు పోగొట్టుకున్నాయన. ఆయనకూ పెట్టుడు కాలే. గోదావరి వంతెన దాటి, భద్రాచలంలో బస్సు మారి వెళ్లాను.

"ఏంది వదినె, గింత దూరం నా మొహం చూడనీకి వచ్చినవా?" అన్నాడు.

"మొహం కాదు, కాలు చూపించు" అన్నాను.

"ఊరందరు కాలు చూసి చూడనట్టు నటిస్తరు. నువ్వొక్కదానివే సీదా అడిగినవ్" అని నవ్వి, ఊడదీసి నా ఒళ్లో పెట్టాడు.

బడిలో ఇన్నేళ్లు లెక్కలూ సైన్సూ చెప్పినదాన్నే గానీ, అది అంత బరువుంటుందని అనుకోలేదు. నీదీ అంతేనా? మొండి కూర్చునే గిన్నె లాంటి భాగం పగిలితే సైకిల్ ట్యూబు చుట్టాడు. లోపల పాత బనీను కుక్కాడు.

"మొండి సన్నబడ్డది, గిన్నె వదులైంది. బాగు చేయించాలంటే హైదరాబాద్ పోవాలె. ఎన్నిసార్లు పోతం వదినె? గీ చుట్టుపక్కల నాసొంటోళ్లు మస్తు మంది. సగం మంది కాళ్లు అటక మీదున్నయ్."

నీళ్ల సంగతి అడిగితే, "పాదం తడిస్తే ఏంగాదు, గిన్నె లోపటికి నీళ్లు పోవద్దు. నాదైతే గంతే. మీవోనిది మిలిట్రీ కాలు, వాణ్నే అడుగు" అన్నాడు. అడుగుతున్నాను, జవాబు రాయి.

ఇక అసలు విషయం. పెట్టుడు కాళ్లు తయారుచేసే పని అక్కడే నేర్పుతామన్నారనీ, అందులో చేరాలో, వైకల్య పింఛనుకు దరఖాస్తు పెట్టి ఇంటికి రావాలో నెలాఖరుకల్లా తేల్చుకోవాలనీ రాశావు. "ఆ దరఖాస్తు మీద సంతకం పెడితే పనికిరానివాణ్నని ఒప్పుకున్నట్టే" అన్నావు. ఆ మాట తప్పు. పింఛను ఎవరి దయా కాదు, నీ సర్వీసుకు రావలసింది. పైగా ఒకటి తీసుకుంటే రెండోది పోతుందని నీకు ఎవరు చెప్పారు? తోటివాళ్లు అనుకునే మాటలు వద్దు. ఆఫీసులో అడిగి, జవాబు రాతలో తీసుకో.

ఒక మాట ఇన్నాళ్లూ నీకు చెప్పలేదు. "పింఛను పెట్టుకుని వచ్చేయ్" అని ఫోనులో గట్టిగా అంటూ వచ్చాను. నీ మేలు లెక్కగట్టి చెబుతున్నానని నువ్వు అనుకున్నావు. కాదు. నువ్వు గాయపడ్డ కబురు వచ్చినప్పటి నుంచి, పని చేసినా చేయకపోయినా నువ్వు నా కళ్ల ముందుంటే చాలనిపించింది. నా భయాన్ని నీ లాభం కింద రాసుకున్నాను. దస్రు కాలు ఒళ్లో పెట్టుకున్నాక ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

నీ సంగతి దస్రుకు చెప్పాను. నేను బస్సెక్కబోతుంటే అడిగాడు. "మీ మనవడు నేర్చేది గీ పనేనా?"

"ఇంకా తేల్చుకోలేదు" అన్నాను.

"వాడు నేర్చుకొని వచ్చేదాక నా కాలు ఆగుతదని చెప్పు."

నేను మాట ఇవ్వలేదు. నిర్ణయం నీది. నేర్చుకోకుండా వచ్చినా ఇల్లు నీదే, ఎవరూ ఏమీ అనరు. కానీ దుమ్ముగూడెం వెళ్లి దస్రుకు ఆ సంగతి నువ్వే చెప్పాలి. నేను చెప్పను.

ఇట్లు,
జవాబు కోసం చూసే నాయనమ్మ
ద్వాలి