తాతయ్యని మోసినవాళ్లు

అద్దంకి, 12-2-2001

అక్కా,

పచ్చి బాలింతవి, రాలేకపోయానని ఏడవకు. తాతయ్య నిద్రలోనే పోయాడు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి, బాధపడలేదు.

పాము కరిచినవాళ్లని నలభై ఏళ్లపాటు తన ఎడ్లబండిలో ఆసుపత్రికి చేర్చాడు కదా, బతికినవాళ్లంతా వచ్చారు. పాడె వాళ్లే ఎత్తారు. నేను భుజం పెట్టబోతే వాళ్లలో కోటిలింగం, "మమ్మల్ని ఆయన మోశాడు. ఈ ఒక్కసారి మమ్మల్ని మోయనీ అబ్బాయ్" అన్నాడు. కాటిదాకా ఊరికే పక్కన నడిచాను.

ఒంట్లో ఓపిక లేదు. మిరపకాయలు కల్లంలోనే ఉన్నాయి. పెద్దకర్మకి బావగారిని పంపు. ఏమీ ముట్టని నాయనమ్మ నిన్నటినుంచి కాస్త గంజి తాగుతోంది. పోయే ముందురోజు తాతయ్య, "అమ్మాయికి పాలు పడ్డాయా?" అని అడిగాడు. జవాబు రాయి, నాయనమ్మకి చదివి వినిపిస్తాను.

పాపకి అందరి దీవెనలు.

నీ తమ్ముడు
లక్ష్మీకాంత్