చెయ్యి పెట్టి చూడండి

నా ఇంటావిడకి,

ఇక్కడ నేనూ, మన చిన్నమ్మాయీ కులాసా. అక్కడ నువ్వూ, మీ అక్కయ్యా, కట్టులో ఉన్న ఆవిడ కాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోనుండగా ఈయనకి ఉత్తరం రాసే పైత్యం ఏమిటనుకుంటున్నావు కదూ? ఫోనులో అయితే మధ్యలో తిడతావు. ఉత్తరమైతే చివరిదాకా చదివితేగాని తిట్టలేవు. కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా కూర్చో.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. కొత్త బూట్లు కరిచాయి, పాతవే తొడుక్కున్నాను. గ్యాసు కట్టేసే ప్రదర్శనకి బయల్దేరాం. చిన్నది రెండుసార్లు చూసింది, మూడోసారి నేను చూశాను. ఇక నాలుగో ప్రశ్న, "అక్కడ దేనిమీదా చెయ్యి పెట్టలేదు కదా?" అన్నది. దానికి తర్వాత వస్తాను.

మనింట్లో "నాన్న చెయ్యి పెట్టాడు" అంటే ఆ వస్తువు మీద ఆశ వదులుకోమని అర్థం. ముప్ఫై ఎనిమిదేళ్లు మోటార్లు బాగుచేసిన చేతులకి దక్కిన మర్యాద ఇది! నేను పాడుచేసినవి ఒక మిక్సీ, ఒక గోడగడియారం. మీ తమ్ముడి స్కూటరు లెక్కలోకి రాదు, అది నా దగ్గరికొచ్చేసరికే కొన ఊపిరితో ఉంది.

సరే, అసలు సంగతి. ఆ ప్రదర్శన హాలు నువ్వు చూసి ఉండాల్సింది. ఫ్యాక్టరీలకీ, కంపెనీలకీ కావలసిన కొత్త యంత్రాలన్నీ ఒక్కచోట. ఎక్కడ చూసినా గోడంత టీవీలు, వాటిల్లో నవ్వుతూ మాట్లాడే మనుషులు. వస్తువేమో గాజుపెట్టెలో, దగ్గరికెళితే "తాకరాదు" అని బోర్డు. మన చిన్నదాని స్టాలు మాత్రం ఒక బల్ల. బల్లమీద రెండు మోటార్లు, దాని సబ్బుబిళ్లంత పెట్టె, ఒక అట్ట. అట్టమీద దాని గుండ్రటి అక్షరాలతో "చెయ్యి పెట్టి చూడండి". చదివి నాకు ఒళ్లు పులకరించింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను పిలిచి చెయ్యి పెట్టమన్న మొదటి కాగితం అదే.

"ఎందుకే ఈ గొడవ, నువ్వే చేసి చూపించొచ్చుగా?" అన్నాను.

"నేను చేస్తే గారడీ అంటారు నాన్నా. వాళ్ల చేత్తో వాళ్లు చేస్తే వాళ్లే కనిపెట్టినట్టుంటుంది."

ఈ తెలివి నీ వైపు నుంచి వచ్చిందని ఒప్పుకుంటున్నాను. పెట్టె మాత్రం నా వైపుది. నేను స్క్రూడ్రైవరు మొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల బేరింగు అరిగిందో లేదో చెప్పేవాణ్ణి కదా. చిన్నది ఆ చెవినే పెట్టెలో పెట్టింది. మోటారుకి అంటిస్తే చాలు, అది వణికే తీరు చూసి, బాగుంటే పలకలాంటి తెరమీద పచ్చరంగు, అరుగుతుంటే ఎరుపు. ఆ చెవి నాదేనని హాల్లో ఎవరితోనూ అనలేదు. ఇద్దరు ముగ్గురితో తప్ప.

ఫోనులో అది నీకు చెప్పని మాటొకటుంది. ప్రదర్శన జరిగే రెండు రోజుల్లో ఒక్క కంపెనీ అయినా వాడి చూస్తామనకపోతే, ఒకటో తారీఖున పాత ఉద్యోగానికి తిరిగొస్తానని వాళ్ల మేనేజరుకి మాటిచ్చింది. పెట్టె అటక మీదికే.

మొదటి రోజు పొద్దున్న ఒక మీసాలాయన వచ్చాడు. నూలు మిల్లులో ఇంజనీరు, ఆయన కింద మూడొందల మోటార్లు.

"సార్, ఎడమది మంచి మోటారు, కుడిదాంట్లో బేరింగు అరిగింది. మీరే అంటించి చూడండి" అంది చిన్నది.

ఎడమదానికి అంటించాడు. పచ్చ. కుడిదానికి అంటించాడు. పచ్చ.

"నీ పెట్టె చాలా మర్యాదస్తురాలమ్మా. ఎవరిమీదా చెడు చెప్పదు!"

చిన్నది ఇంకో పెట్టె తీసి అంటించింది. అదీ పచ్చే. దాని మొహం పాలిపోయింది. నేను జేబు తడుముకున్నాను. వెనకాల హాలువాళ్ల నిలువు ఫ్యానొకటి తిరుగుతోంది, పొద్దుణ్ణించీ దాని మూలుగు నా చెవిలో పడుతూనే ఉంది.

"సార్, ఒక్కసారి దానికి అంటించండి" అన్నాను.

అంటించాడు. ఎరుపు! ఆయనకి నమ్మకం కుదరక "స్క్రూడ్రైవరుందా?" అన్నాడు. నా జేబులో లేనిదెప్పుడు? చెవికి పెట్టుకుని విన్నాడు. మీసాలు లేచాయి. "అరిగిందయ్యోయ్!"

అంతే, జనం! ఒకాయన పక్క స్టాలు కాఫీ మిషనుకి అంటించాడు, ఎరుపు. ఆ స్టాలావిడ "మా మిషను జోలికి రాకండి" అని మీదికొచ్చి, కాసేపటికి తనే తెచ్చి మళ్లీ చూపించుకుంది. ఒకాయన తన గుండెకి అంటించుకుని పచ్చొచ్చిందని మురిసిపోయాడు. "అది మోటారుది సార్" అని చిన్నది అంటున్నా వినడే! రెండు గంటలపాటు కూర్చోలేదు, బూట్ల మాట మరిచిపోయాను.

మధ్యాహ్నం మీసాలాయన మళ్లీ వచ్చాడు. చేతిలో కలం. "అంతా బాగుంది. ఒక్కటి చెప్పు తల్లీ. చెడ్డదని నువ్వే చెప్పిన మోటారుకి పచ్చెందుకొచ్చింది? ఫ్యాను సంగతి గుడ్డిగా తగిలిందేమో?"

"తెలీదు సార్" అంది. అబద్ధం చెప్పడం దానికి చేతకాదు. ఆయన కలం జేబులో పెట్టుకున్నాడు.

ఇదిగో, నాలుగో ప్రశ్నకి జవాబు.

ముందురోజు సాయంత్రం బల్ల సర్దుకున్నాక చిన్నది గేటుపాసుల కోసం వెళ్లింది. నేనొక్కణ్ణే ఉన్నాను. పరీక్షకని చిన్నది పెట్టె అంటించి వెళ్లిన కుడి మోటారు గుర్రుమంటోంది. పాపం, పిల్ల హడావిడిలో చూసుకోలేదనుకున్నాను. నా సంచీలో అదే నంబరు కొత్త బేరింగుంది. నీకిచ్చిన మాట గుర్తుంది, ఒట్టు. మోటారు కట్టేశాను, విప్పాను, మార్చాను, తిప్పాను. మల్లెపువ్వులా తిరిగింది. అంత బాగా అరిగిన బేరింగు కోసం అది పాతసామాన్ల కొట్లన్నీ నెల్లాళ్లు గాలించిందని నాకేం తెలుసు?

ఇప్పుడు మీసాలాయన ముందు చెబితే నలుగురిలో నవ్వులపాలు. చెప్పకపోతే పెట్టె అబద్ధాలకోరవుతుంది. జేబులోంచి పాత బేరింగు తీసి బల్లమీద పెట్టాను.

"పెట్టె నిజమే చెప్పింది సార్. నిన్న నేను చెయ్యి పెట్టాను."

మీసాలాయన దాన్ని చెవి దగ్గర తిప్పాడు. గరగరమంది. చిన్నది నావైపు చూడలేదు. పలక మీద ఏదో వెనక్కి జరిపింది. నిన్న అంటించిన పెట్టె రాత్రంతా మోటారు మీదే ఉందట, అన్నీ రాసుకుంటుందట! ఆరుంబావుదాకా ఎరుపు. ఆపైన నలభై నిమిషాలు ఖాళీ. ఆ తర్వాత పచ్చ.

"ఇదిగో నాన్నా, నీ నలభై నిమిషాలు."

మీసాలాయన ఆ తెర వదల్లేదు. "మా మెకానిక్కులు మార్చామంటారు. నిజంగా మార్చారో లేదో ఇన్నేళ్లలో నాకు తెలిసి చావలేదు. ఇది చెబుతోందే!" కలం బయటికొచ్చింది. పన్నెండు మోటార్లకి మూడు నెలలు వాడి చూస్తారట, సంతకమైంది! నేను ఎగిరి గంతేశాను. మోకాలు కలుక్కుమంది, అది వేరే ఉత్తరం.

 ఆ సాయంత్రం బస్సు దిగేముందు చిన్నది నా జేబులో చెయ్యి పెట్టి స్క్రూడ్రైవరు లాగేసుకుంది. మర్నాడు హాలుకెళితే ఆ సంతకం కాగితం మీద బరువుకి పాత బేరింగు పెట్టి ఉంది. పక్కన అట్ట. "చెయ్యి పెట్టి చూడండి". కింద అవే గుండ్రటి అక్షరాలతో కొత్తగా ఇంకో ముక్క: "మా నాన్న తప్ప".

వచ్చినవాళ్లంతా ముందు అదే చదివి నవ్వి, "ఎవరమ్మా మీ నాన్న?" అని అడిగారు. అది నన్ను చూపించింది, ప్రతిసారీ.

ఇట్లు,
రెండో రోజంతా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ
నీ ఆయన