ఏడో నంబరు పందికి చక్రకేళీలు

బుధవారం

కాలేయం చాలావరకు తీసేస్తే మిగిలిన ముక్క ఎలా కోలుకుంటుందో చూడడానికి మా ల్యాబ్‌లో ఆపరేషన్ చేసిన పంది రెండు రోజులుగా ఏమీ ముట్టలేదు. నిన్న ఇంట్లో ఆ మాటంటే, పొద్దున్న అమలాపురం బస్సెక్కబోతుండగా అత్తయ్యగారు నా బ్యాగులో రెండు చక్రకేళీలు పెట్టారు. సర్జన్‌గారిని అడిగి, చిదిమి చేత్తో పెట్టాను. సగం తిని, నా అరచెయ్యి కూడా నాకింది.

సాయంత్రం చెప్తే ఆవిడ మొహం వెలిగిపోయింది.

"గండం గడిచింది అమ్మాయ్. ఇంక ఎక్కణ్ణించి తెచ్చేరో అక్కడికి పంపేస్తారు కదా?"

శనివారం దాన్ని మళ్లీ లేవకుండా నిద్రపుచ్చి, కాలేయం ఎంత పెరిగిందో కోసి చూస్తాం.

"ఆయ్" అన్నాను.

ఆవిడ అప్పుడే, వచ్చే వారం దాన్ని పంపేటప్పుడు పెట్టడానికని ఇంకో చక్రకేళీ అత్తం మగ్గవేశారు.