పంటు మీద పంతొమ్మిదో ఎక్కం

సత్యవతీ,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. నువ్వు పోయి ఈవేళకి ఏడాది. పొద్దున్నే మీ పుట్టింటి ఊరు చూడాలనిపించి, మనవరాలితో కోటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కాను. మంచు విడలేదు. అవతలి గట్టు కనపడలేదు. నీళ్లూ ఆకాశమూ ఒకటే తెలుపు, మబ్బులో కూర్చున్నట్టుంది.

పెళ్లయిన కొత్తలో ఇదే రేవు దాటుతూ, నీళ్ల భయంతో నేను పంటు కమ్మీ వదలకపోతే, నువ్వు నవ్వు కొంగుతో దాచుకుని, "ఏవండీ, పంతొమ్మిదో ఎక్కం చెప్పండి చూద్దాం" అన్నావు. తడుముకుంటూ చెప్పేసరికి భయం మరిచిపోయాను, గట్టూ వచ్చేసింది.

ఈ ఏడాదంతా నువ్వు గుర్తొచ్చినప్పుడల్లా అదే ఎక్కం చదువుకున్నాను. కన్ను తడవలేదు. గట్టి గుండె అన్నారు జనం.

ఈవేళా మొదలెట్టాను. మనవరాలు నా పెదాలకేసి చూసింది.

"మళ్లీ ఎక్కమేనా తాతయ్యా? బుర్రని కష్టమైన లెక్కలో పెడితే దుఃఖం కాసేపు అణుగుతుందంటండి, మా కాలేజీలో చెప్పేరు. పోదు మాత్రం."

"మరి గట్టు వచ్చేదాకా ఏం చెయ్యనమ్మా?"

"ఊరికే కూచోండి."

ఎక్కం పంతొమ్మిది ఏళ్లు నూట ముప్ఫై మూడు దగ్గర ఆపేశాను. పంటు నెమ్మదిగా ఊగుతోంది. మంచులోంచి నువ్వొచ్చి పక్కన కూర్చున్నట్టయింది. తలకి రాసుకునే కొబ్బరినూనె వాసన కూడా వచ్చింది. నువ్వు ఎక్కం అడగలేదు.

రేవులో దిగేసరికి కండువా తడిసిపోయింది. మంచుకనుకున్నారు అందరూ. నేనూ అవునన్నాను.