ఆరున్నొకటో ఎక్కం

కార్వేటినగరం

చి.ల.సౌ. భానుశ్రీకి అమ్మ దీవించి రాసేది,

ఈడ నేను, మీ నాయన, నీ కూతురు లోహిత సల్లంగా ఉండాము. గూడూరులో నువ్వూ అల్లుడూ అట్లే ఉండారనుకుంటా. పాప రాసిన కార్డుకు నీ జవాబు చేరినాది. వచ్చే ఆదివారం వచ్చి పాపను కోచింగుకు పిల్చకపోతానని రాసినావు. దానికే ఈ జాబు. ఫోన్లో అయితే సగంలోనే అరుస్తావు. జాబైతే కడదాకా సదవాల్సిందే గదా!

పాప ఎండకు నల్లబడిందా అని అడిగినావు. పడింది, ఏమైతాది? తెల్లారితే తాతెంట బాయికాడికి పోతాది. నడుముకు బెండు కట్టి దించితే, వారానికే ఇప్పి పారేసి ఈదుతా ఉండాది. మధ్యాన్నం కండ్లకు గుడ్డ కట్టుకోని, మామిడికాయ వాసన సూసి తోతాపురా, నీలమా అని చెప్పే ఆట. నేను దినామూ ఓడిపోతా ఉండాను.

ఏడో ఎక్కం వచ్చిందా అని రెండుసార్లు రాసినావు. ఏడు అంటేనే ఏడ్చే పిల్లను పంపించినావు కదమ్మే. వినుకో. విత్తనానికి శెనక్కాయలు ఒలిచి, గింజలు పడితో కొలస్తా ఉంటిని. "లాభం, రెండు, మూడు" అంటా ఆరు దాటి "ఆరున్నొకటి" అనినాను.

"ఏడు కదవ్వా?" అనింది.

"గింజలు కొలిచేటప్పుడు ఆ మాట అనకూడదు. ఇంట్లో ఏడుపొస్తాది."

వేళ్లు మడిచి లెక్కేసుకునింది. "అయితే నాకు ఆరో ఎక్కం వచ్చు కదవ్వా! ఆరెనిమిదులు నలభై ఎనిమిది. ఇంకో ఎనిమిది కలిపితే యాభై ఆరు!" గింజలు కుప్పలు పెట్టుకోని పదిదాకా చెప్పేసింది. నేను నోరు తెరిసినాను. మూఢనమ్మకాలని నువ్వు నన్ను ఎన్నిసార్లు ఎక్కిరించినావో!

ఇంగ ఆన్‌లైన్ క్లాసు సంగతి. ఇంతసేపూ దాటేసినాను. నువ్విచ్చిన ఫోను ఇరవై దినాలుగా నా ట్రంకుపెట్టెలో ఉండాది. ఆ క్లాసు సారు మీ నాయనకు ఫోన్ చేస్తే, నేను లాక్కోని, పాపకు అమ్మోరు పోసిందని చెప్పేసినాను. తర్వాత అమ్మోరి పేరు చెప్పి అబద్ధమాడినానే అని, గంగమ్మ గుడికి పొయ్యి చెంపలేసుకోని అంబలి పోసొచ్చినాను. ఆయమ్మ క్షమిస్తాది. నీతోనే నాకు భయం.

కోపమంతా నా మీద సూపించు. పాపను మాత్రం తీసకపోవద్దు. నీకు తొమ్మిదేండ్లప్పుడు, సెలవల్లో తలుపురెక్క పట్టుకోని "ఒక్క దినం ఆడుకుంటా మా" అని ఏడస్తాంటే, నీ వేళ్లు విడిపించి ట్యూషనుకు ఈడ్చకపోయినాను. తప్పు నాదే. ఇన్నేండ్లూ ఆ మాట నీతో అనడానికి నోరు రాలేదు. ఆ ఎండాకాలాన్ని నీకు యాడ్నించి తెచ్చిచ్చేది?

ఆదివారం రా. పాపను పిల్చకపోయేదానికి కాదు. నాలుగు దినాలు సెలవ పెట్టి, నువ్వు ఆడుకునేదానికి రా.

ఇట్లు,
మీ అమ్మ
దేవకమ్మ