సానుకూల దృష్టితో

మే నెల

ప్రియమైన మినోవాకు,

ఉత్తరం మొదట్లో ఋతువు గురించి రెండు మాటలు రాయడం మర్యాద. మా దీవిలో గాలి వీస్తోంది. ఆ మర్యాద అయిపోయింది.

కేంద్ర పాలనను బాగుచేసే సంఘానికి నిన్ను అధ్యక్షుణ్ణి చేశారని పేపర్లో చూశాను. ఫోటోలో చక్కగా నవ్వావు. "ప్రజల చెంతకే ప్రభుత్వం" అన్నావట. మా చెంతకు రావాలంటే పడవెక్కాలి. నీకు సముద్రం పడదని నాకు గుర్తుంది.

మనిద్దరం ఒకే ఏడాది ఒకే గుమ్మం గుండా ఆ శాఖలో అడుగుపెట్టాం. అర్జీల కిటికీ దగ్గర కూర్చోబెట్టారు. మొదటి వారంలోనే నువ్వు నాకు పాఠం చెప్పావు: "'కుదరదు' అనకు కుజీ. 'సానుకూల దృష్టితో పరిశీలిస్తాం' అను. అర్థం ఒకటే. వినేవాడు మాత్రం వంగి దణ్ణం పెట్టి వెళ్తాడు." నా నాలుక తిరగలేదు. కుదరనిదాన్ని కుదరదనే చెప్పాను. నువ్వు పై అంతస్తుకు వెళ్ళావు, నేను పాత కాగితాల నేలమాళిగకు దిగాను. ఏడుపేమీ లేదులే. అక్కడ చదువుకోవడానికి బోలెడంత తీరిక దొరికింది. చరిత్రలు చదివాను. ప్రతి సామ్రాజ్యంలోనూ నీలాంటివాడు ఒకడున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. మా సవాయేకు మూత్రపిండాలు పాడయ్యాయి. రక్తం శుద్ధి చేయించుకోవడానికి వారానికి మూడుసార్లు పడవలో తీరానికి పోయి వస్తోంది. అదే యంత్రం మా దీవి ఆసుపత్రిలోనూ ఉంది. చేపలవాళ్ళ సంఘం కొనిచ్చింది. డాక్టరు ఇవాకి తీరంలో ఉండి ఆ పని నేర్చుకుని వచ్చాడు. అయినా యంత్రం మీద తెల్లగుడ్డ కప్పి ఉంచారు. మూత్రపిండాల నిపుణుడు దీవిలోనే కాపురం ఉంటే తప్ప వాడకూడదని కేంద్రం నిబంధన. ఏ నిపుణుడు వస్తాడు ఇక్కడికి? మినహాయింపు ఇమ్మని దీవి మొత్తం అర్జీ పెట్టింది. దీవుల శాఖ అది వైద్య శాఖ పని అంది. వైద్య శాఖ దీవుల శాఖ పని అంది.

చలికాలంలో పడవ నడవదు. దీవిలో పుట్టిన పిల్లవాడికి కూడా తెలిసిన సంగతి ఇది.

నీ దయ అడగడం లేదు. నీ పని నిన్ను చెయ్యమంటున్నాను.

నీతోపాటు చేరి, నీతోపాటు ఎదగని
కుజి తేయిజో

*

జూన్ నెల

ప్రియమైన మిత్రుడు కుజీకి,

ఇక్కడ వానలు మొదలయ్యాయి. గొడుగులు ఆరే లోపల మళ్ళీ తడుస్తున్నాయి. నీ ఉత్తరం మాత్రం ఎప్పటిలాగే పొడిగా ఉంది. నువ్వు మారలేదని సంతోషించాను.

సవాయే గారి సంగతి విని మనసు కలుక్కుమంది. టైపు గదిలో ఆవిడ వేళ్ళు పరుగెత్తుతుంటే చూడ్డానికని మనం లేని పనులు కల్పించుకుని వెళ్ళేవాళ్ళం, గుర్తుందా? ఆవిడ నన్ను కాదని, తలదువ్వుకోవడం కూడా రాని నిన్ను ఎందుకు చేసుకుందో నాకు నేటికీ అంతుబట్టలేదు.

దీవి అర్జీ తెప్పించుకుని చదివాను. న్యాయమైనదే. నువ్వన్నట్టు రెండు శాఖల మధ్య పడి నలుగుతోంది. ఈ పీడ వదిలించడానికే మా సంఘాన్ని పెట్టింది. కొత్త సంవత్సరం నుంచి శాఖలన్నీ కలిసిపోతాయి, అర్జీకి ఒకే గుమ్మం ఉంటుంది. అప్పటిదాకా ఆగమని అనను. సంబంధించిన అధికారులతో మాట్లాడాను. మీ దీవి అర్జీని సానుకూల దృష్టితో పరిశీలిస్తాం.

ఆవిడను జాగ్రత్తగా చూసుకో. నా నమస్కారాలు చెప్పు.

నీ పాత స్నేహితుడు
మినోవా షిగెహిస

*

అక్టోబరు నెల

ప్రియమైన మినోవాకు,

ఆ మాట నాకే రాస్తావా? కసాయివాడు సాటి కసాయివాడికి తూకంలో మోసం చేసినట్టుంది. రాశాక చూసుకోనైనా లేదు నువ్వు. చెయ్యి దానంతట అదే రాసేసింది. నిన్ను తిట్టడానికి వేసవంతా మాటలు వెతుక్కున్నాను. ఇంత చదివినా సరిపడినవి దొరకలేదు.

అంతకంటే ఘోరం ఇంకొకటుంది. నేను చేపలరేవుకు వెళ్ళి వచ్చేసరికి సవాయే నీ ఉత్తరం విప్పి చదివేసింది.

"మీ మినోవా మంచివాడే. పరిశీలిస్తాడట," అంది.

"రాశాడుగా," అన్నాను.

"సానుకూలంగానే కదా?"

"సానుకూలంగానే."

"అయితే ఇంకేం? ఆ మొహం అలా పెట్టుకోకండి, పాలు విరుగుతాయి," అని లేచి, శుభవార్త వచ్చిన ఇంట్లో వండే ఎర్రగింజల అన్నం వండింది. గింజలు తినకూడదని డాక్టరు ఆంక్ష పెట్టాడు గనక తను ఒక్క ముద్ద నోట్లో వేసుకుని, మిగతాదంతా నా చేత తినిపించింది. పక్కింటి ఒతొకు ఒక గిన్నెడు పంపింది. ఆ మహాతల్లి మా గుమ్మంలోకే వచ్చి, "మీ ఆయనకు రాజధానిలో ఇంత పలుకుబడి ఉందనుకోలేదమ్మా, అన్నేళ్ళూ గోదాములో ఎలుకల్ని కాశాడనుకున్నాం," అంది. సవాయే పొంగిపోయింది.

ఆమె ఉద్యోగం మానేసి ఒక జీవితకాలం అయింది. ఆ మాటకు మన శాఖలో అర్థమేమిటో మరిచిపోయింది కాబోలు. లేదా టైపు చేసేవాళ్ళు అక్షరాలే చూస్తారు, అర్థాలు చూడరేమో. ఎవరికైనా మొహం మీద కుదరదని చెప్పిన నేను, ఆమెకు మాత్రం చెప్పలేకపోయాను. ఇప్పుడు ప్రతి పడవకూ తపాలా సంచీ కోసం ఎదురుచూస్తోంది. నేనూ పక్కన నిలబడి చూస్తున్నాను, నమ్మినవాడిలా.

మినోవా, పడమటి గాలి మొదలైంది. పోయిన వారం పడవ ఒకసారి రాలేదు. ఆమె కాళ్ళు వాచాయి. ఇంతకు ముందు ఉత్తరంలో దయ అడగడం లేదని రాశాను. అది కొట్టేసుకో. అడుగుతున్నాను.

కుజి తేయిజో

*

డిసెంబరు నెల

ప్రియమైన కుజీకి,

ఋతువు మాటలు వదిలేస్తున్నాను. నీ ఉత్తరం అందిన రోజే కాగితం కదిలించాను. ఈసారి నిజంగానే. వైద్య శాఖ ఒప్పుకుంది, దీవుల శాఖ ఒప్పుకుంది. కింది నుంచి పైదాకా అందరి ముద్రలూ పడ్డాయి. చివరిది ఒక్కటే మిగిలింది.

అక్కడే ఆగింది. ఎందుకో చెప్పడానికి సిగ్గుగా ఉంది. కొత్త సంవత్సరంతో ఆ చివరి ముద్ర వేసే శాఖ పేరు మారుతోంది. పాత పేరుతో ఉత్తర్వు ఇస్తే నెల తిరక్కముందే మళ్ళీ కొత్త పేరుతో ఇవ్వాలట. కొత్త ముద్ర చెక్కించారు గానీ దాన్ని ముందుగా వాడకూడదట. "కొద్ది రోజులే కదండీ," అన్నాడు కార్యదర్శి. నేను బల్ల గుద్దాను. "మీ సంస్కరణే కదండీ," అన్నాడు నవ్వుతూ.

కొద్ది రోజులు ఓపిక పట్టండి. ఇది ఆ మాట కాదు కుజీ, నిజంగా కొద్ది రోజులే.

మినోవా

*

ఫిబ్రవరి నెల

ప్రియమైన మినోవాకు,

నీ పూలగుత్తీ, దానితో పంపిన చీటీ అందాయి. నువ్వు అంత్యక్రియలకు రాలేదని నాకు కోపం లేదు. అప్పుడు పడవ లేదు.

సంవత్సరాంతంలో గాలివాన పట్టుకుంది. వరసగా కొన్ని రోజులు పడవ ఆగిపోయింది. సవాయేను దీవి ఆసుపత్రిలో చేర్చాను. ఉన్నది ఒకటే గది. ఆమె మంచం పక్కనే ఆ యంత్రం, తెల్లగుడ్డ కప్పుకుని. నేను రేవులో పడవవాళ్ళ కాళ్ళు పట్టుకుని తిరుగుతున్నాను. ఒక్కడూ బయలుదేరనన్నాడు. వాళ్ళ తప్పు లేదు, ఆ సముద్రం నేనూ చూశాను.

ఆ సమయంలో గదిలో జరిగింది, అంతా అయిపోయాక డాక్టరు ఇవాకి నాకు చెప్పాడు. అతను చెప్పినట్టే రాస్తున్నాను.

అతను గుడ్డ తీశాడట. "మామ్మగారూ, ఉత్తర్వు ఎలాగూ వస్తోందంటున్నారు. రెండు రోజులు ముందు మొదలుపెడితే కొంప మునగదు. మీ చెయ్యి ఇటివ్వండి," అన్నాడట.

సవాయే చెయ్యి దుప్పట్లోకి లాక్కుందట. "రాదు బాబూ. ఆ 'సానుకూల దృష్టి' మాట నేను టైపు చెయ్యని రోజు లేదు. పై నుంచి ఆ మాటతో కాగితం దిగినప్పుడల్లా మా టైపు గదిలో పిల్లలం 'ఇంకో అగరొత్తి' అనుకునేవాళ్ళం. చచ్చిపోయిన అర్జీకి అగరొత్తి అన్నమాట. నువ్వు ఇప్పుడు ఇది నడిపితే నీ పట్టా పోతుంది. నువ్వు పోతే ఈ దీవికి జ్వరం మాత్ర ఇచ్చే దిక్కు కూడా ఉండదు. గుడ్డ కప్పెయ్."

"మరి ఎర్రన్నం వండి ఊరంతా పంచారు కదండీ," అన్నాడట ఇవాకి.

"మా ముసలాయన కోసం. ఆ ఉత్తరం చూసి వెర్రి ఆశ పెట్టుకున్నాడు. రోజూ రేవుకు నాతో వచ్చి నిలబడేవాడు, పాపం. ఆ మినోవా తప్ప ఆయనకు ఈ లోకంలో ఇంకో స్నేహితుడు లేడు. వాడు మోసం చేశాడని ఆయనకు తెలియకూడదు."

అదీ సంగతి. ఆమె నమ్మిందని నేను, నేను నమ్మానని ఆమె. ఇద్దరం చలిగాలిలో రేవులో నిలబడి, రాదని తెలిసిన కాగితం కోసం ఎదురుచూశాం. ఇన్ని పుస్తకాలు చదివానని మిడిసిపడ్డాను. నా పక్కనున్న మొహం చదవలేదు.

పడవ మళ్ళీ నడిచిన రోజు మొదటి తపాలా సంచీలోనే ఉత్తర్వు వచ్చింది. కొత్త పేరు, కొత్త ముద్ర. సిరా కూడా కొత్తదేమో, ఎర్రగా మెరుస్తోంది. ఒక విషయం ఒప్పుకోవాలి: నీ రెండో మాట నిజమే, కొద్ది రోజులే. అది రాదని ఆమె అన్నదీ, నేను అనుకున్నదీ తప్పే. మేమిద్దరం నీ గురించి పొరపడింది ఆ ఒక్కసారే.

యంత్రం మీద గుడ్డ తీసేశారు. వలలు అల్లే కిసుకే ఇప్పుడు వారానికి మూడుసార్లు దాని పక్కన పడుకుంటున్నాడు. దారిలో ఆగి వింటే యంత్రం చిన్నగా గుర్రుమంటూ ఉంటుంది. బాగా పనిచేస్తోంది మినోవా. అదే తట్టుకోలేకుండా ఉన్నాను.

నీ సంఘం నివేదికలో మా దీవి పేరు వేసుకుంటానన్నావు. వేసుకో, పని జరిగింది కదా. సవాయే పేరు మాత్రం వేయకు.

ఆమె పోయిన నలభై తొమ్మిదో రోజు పూజకు రావచ్చా అని అడిగావు. నీ అర్జీ అందింది. సానుకూల దృష్టితో పరిశీలిస్తాను.

కుజి తేయిజో